కుక్క మొహం ఎటుంటే అటే దారి

రాజోలు,
11 నవంబరు 2024.

మావయ్య గారికి శారోన్ వందనాలు.

మీకు ఫోను వినపడదన్నది ఒక కారణం, ఫోనులో నా అక్షరం మీకు కనపడదన్నది రెండో కారణం. ఈ రెండూ చెప్పి, కపిలేశ్వరపురంలో మీ అమ్మాయి రేచల్ వదిన ఇంటికి మకాం మార్చిన రోజునే నా చేత ఉత్తరాలు రాస్తానని ఒట్టు వేయించుకున్నారు. పోస్టాఫీసులో కవరు అడిగితే కౌంటర్లో ఆయన నన్ను వింతగా చూస్తున్నాడు. అయినా రాస్తున్నాను. వరసలు వంకర పోకుండా కింద గీతల కాగితం కూడా పెట్టుకున్నాను, చూసుకోండి.

మన బోర్డుల కొట్టుకి పెద్ద పని వచ్చింది. డిసెంబరు రెండో శనివారం తాతాజీ గారి కొబ్బరితోట పక్కనున్న మెరకలో కుక్కల పోటీలు జరుగుతాయి. నర్సాపురం, భీమవరం, అమలాపురం, కొత్తపేట, అన్ని వైపుల నుంచీ కుక్కల్ని తీసుకొస్తారు. వాళ్ళు దారి తప్పకుండా రోడ్ల పొడుగునా పెట్టే బోర్డులన్నీ మనవే. రాయడమూ మనమే, పాతడమూ మనమే.

ఇప్పుడు అడగాలనుకున్నది అడిగేస్తాను, మీరు కోప్పడినా సరే. బోర్డు కింద కుడి మూలలో 'మత్తయి ఆర్ట్స్' అని రాయడం మన కొట్టు ఆనవాయితీ. నేను నిచ్చెనెక్కి రాసినవాటికీ అదే పేరు. మొన్న ఒకాయన వచ్చి నిచ్చెన మీదున్న నన్నే అడిగాడు, "పెయింటరు గారు లేరాండీ?" అని. దిగి, చేతులు తుడుచుకుని, "నేనేనండి" అన్నాను. "కాదమ్మా, పెయింటరు గారు" అన్నాడు. నా చేత్తో రాసిన అక్షరం పక్కన నా పేరు చూసుకోవాలని ఉంది మావయ్యా. ఈ బోర్డుల మీద వేసుకోవచ్చా? మీరు చూడ్డానికి రారు కాబట్టి అడక్కుండా కూడా వేసుకోగలను. కానీ మీ చేత అవుననిపించుకునే వేసుకుంటాను.

బ్రష్షులు టర్పెంటైనులో నానుతున్నాయి, కడుక్కోవాలి.

మీ మేనకోడలు,
శారోన్


కపిలేశ్వరపురం,
16 నవంబరు 2024.

చిరంజీవి శారోన్‌కి మావయ్య దీవెనలు.

ఉత్తరం అందింది. అక్షరం బాగుంది. విషయం బాగాలేదు.

కోళ్ళు చాలక ఇప్పుడు కుక్కల్ని కూడా బరిలోకి దించుతున్నారా? తాతాజీ తోట అనగానే నాకర్థమైంది. పండగ మూడు రోజులూ ఆ తోటలో ఏం జరుగుతుందో నాకు తెలియనిదా! కోడిపందెం వాడికైనా కాస్త భయం ఉంటుంది. చాటుగా కబురు పంపిస్తాడు గానీ రోడ్డెక్కి బోర్డు పెట్టడు. నువ్వు దారి పొడుగునా బోర్డులు పాతితే వాటి వెంట పోలీసులు కూడా తిన్నగా వస్తారు. ఎవర్నీ దారి అడిగే శ్రమ ఉండదు పాపం.

పైగా కుక్కలు! నా సంగతి తెలిసి కూడా ఎలా ఒప్పుకున్నావు? మలికిపురంలో ఒక డాబా గేటు మీద 'కుక్క ఉన్నది జాగ్రత్త' అని రాస్తుంటే, 'జాగ్రత్త' దాకా రాకముందే అది వచ్చి నా పిక్క పట్టుకుంది. ఆ గేటు మీద ఈనాటికీ 'కుక్క ఉన్నది' అనే ఉంటుంది. జీవితమంతా కుక్కల దగ్గరికి రావద్దని రాసినవాణ్ణి. నా కొట్టు నుంచి ఇప్పుడు రండి రండి అని రాస్తారా?

నా పేరు దాని మీద వద్దు. క్రిస్మస్ దగ్గర పడుతోంది. చర్చీలవాళ్ళు రంగులకి వస్తారు, ఆ పని చూసుకో. ఇక్కడ రేచల్ నాకు ఉప్పు తగ్గించింది. చప్పిడి పులుసు తిని తిని నాలుక మొద్దుబారింది. వచ్చేవాళ్ళెవరైనా ఉంటే ఆవకాయ పంపించు. ఆమెకి చెప్పకు.

కోపంగానే, కానీ ప్రేమతో,
మత్తయి


రాజోలు,
20 నవంబరు 2024.

మావయ్య గారికి వందనాలు.

మీ ఉత్తరం చదివి అమ్మా నేనూ పొట్ట పట్టుకుని నవ్వాం. నవ్వడం అయిపోయాక నాకు కోపం వచ్చింది. నేను పందేలకి బోర్డులు రాస్తానని ఎలా అనుకున్నారండీ?

ఇది పందెం కాదు. మన పశువుల డాక్టరు సత్యశ్రీ గారు పెడుతున్న మేళా. కుక్కలు పరిగెడతాయి, కర్ర మీంచి దూకుతాయి, కూర్చోమంటే కూర్చుంటాయి. బాగా చేసినదానికి మెళ్ళో రిబ్బను వేస్తారు. ఊరకుక్కలకి పిచ్చికుక్క జబ్బు రాకుండా ఉచితంగా సూదులు వేస్తారు. మిమ్మల్ని కరిచినదాని మనవలు కూడా వస్తాయేమో, వస్తే మీ తరఫున అడుగుతాను.

పోయినేడు ఇదే మేళా కొత్తపేటలో పెట్టారట. దారి తెలియక సగంమంది వెనక్కి పోయారు. మనవాళ్ళ సంగతి మీకు తెలియనిదేముంది? ఎవరైనా దారి అడిగితే తెలియదని చెప్పడం మర్యాద కాదనుకుంటారు. "ఆయ్, తిన్నగా వెళ్ళిపోండి, పక్కనేనండీ" అని చెయ్యి ఎటో ఒకవైపు చూపించేస్తారు. అలా వెళ్ళి వెళ్ళి ఒక కుటుంబం కుక్కతో సహా పెళ్ళివారి పందిట్లో తేలిందట. పెళ్ళివారు కూర్చోబెట్టి భోజనం పెట్టి మరీ పంపించేరట. "ఈసారీ ఇలాగే జరిగితే మేళాని రాజమండ్రి తీసుకుపోతారమ్మా, ఇంక మన వైపు రాదు" అన్నారు డాక్టరు గారు. "దారి తప్పనివ్వనండి" అన్నాను. మాటిచ్చాను కాబట్టి చేస్తాను, అందులో నాకు సందేహం లేదు.

ఫ్లెక్సీలు వద్దన్నారు. కాలవ గాలికి ఫ్లెక్సీ టపటపా కొట్టుకుంటే కుక్కలు బెదిరిపోతాయట. అందుకే రేకు మీద చేత్తో రాసే పని మన దగ్గరికి వచ్చింది. రేకులు కోయించాను, సరుగుడు కర్రలు తెప్పించాను.

మరో సంగతి. నా పేరు వేసుకోవచ్చా అని అడిగితే, మీ పేరు వద్దని జవాబు రాశారు. నాది సరేనన్నట్టా, కాదన్నట్టా? ఆవకాయ జాడీ మీ ఊరి మీదుగా మండపేట వెళ్ళే ప్రభాకరరావు గారి చేత పంపాను. వదిన బడికి వెళ్ళాక ఇమ్మని చెప్పాను.

జవాబు కోసం చూస్తూ,
శారోన్


కపిలేశ్వరపురం,
25 నవంబరు 2024.

చి. శారోన్‌కి దీవెనలు.

ప్రభాకరరావు ఆవకాయని రేచల్ చేతికే ఇచ్చాడు. మర్యాదస్తుడు, ఇంటి ఇల్లాలికి ఇవ్వకుండా ముసలాడి చేతికి ఎలా ఇస్తాడు? ఆ జాడీ ఇప్పుడు అటక మీద ఉంది. నేను నిచ్చెన దిగి చాలాకాలమైందని ఆవిడ ధైర్యం.

సూదులు వేసే డాక్టరమ్మ అయితే మంచిదే. ముందే చెబితే ఒక కవరు మిగిలేది. సరే, ఇక విను.

మొదటి సంగతి, బాణం గియ్యకు. ఈ నెలలో రోడ్డు మీద అన్నీ బాణాలే. సువార్త సభలకి బాణం, రియలెస్టేటుకి బాణం, పెళ్ళికి బాణం. కుక్కల మనిషి కుక్కనే వెతుక్కుంటాడు. పెద్ద కుక్కని గియ్యి, పరిగెడుతున్నట్టు. కుక్క మొహం ఎటుంటే అటే దారి. చదువు రానివాడికీ, పక్క జిల్లా వాడికీ, కారులో అద్దంలోంచి చూసే చిన్నపిల్లకీ అదే అర్థమవుతుంది. అక్షరాలు తర్వాత.

రెండో సంగతి, మలుపులో బోర్డు పెట్టకు. మలుపు ముందే పెట్టు. బండివాడు చూసి, పక్కనున్న ఆవిడకి చెప్పి, ఆవిడ కాదని, మళ్ళీ చూసి, అప్పుడు తిప్పుతాడు. అంత దూరం ఉండాలి. మలుపు తిరిగాక మాత్రం ఇంకోటి తప్పకుండా పెట్టు. దాన్ని నేను ధైర్యం బోర్డు అంటాను. తిరిగినవాడికి మనసులో పీకుతూ ఉంటుంది, సరిగ్గా వచ్చానా అని. అక్కడ కుక్క కనపడితే ఊపిరి పీల్చుకుంటాడు. ఆ బోర్డు లేకపోతే ఆగి ఎవర్నో ఒకర్ని అడుగుతాడు, ఇక అంతే సంగతులు.

మూడోది నీ పేరు సంగతి. అక్షరం అందంగా ఉందని పేరు వేసుకోవడం కాదు. దారి బోర్డు రాసినవాడికి ఒకటే పరీక్ష. వచ్చినవాడు ఎవర్నీ అడక్కుండా చేరాలి. పందెం వద్దన్న నోటితోనే పందెం వేస్తున్నాను. మూల ఖాళీగా వదిలెయ్. వచ్చేవాళ్ళలో ఒక్కరు కూడా ఆగి దారి అడక్కుండా చేరితే అన్ని బోర్డుల మీదా నీ పేరు వేసుకో. ఇక కొట్టు మీద కూడా నీ పేరే. ఒక్కరు అడిగినా మూల నాది.

నీ ఉత్తరంలో చివరి వరసలు కుడివైపున కిందికి జారుతున్నాయి. కోపంలో రాసినట్టున్నావు.

మత్తయి


రాజోలు,
1 డిసెంబరు 2024.

మావయ్య గారికి వందనాలు.

ఒక్కరు కూడా అడగకూడదా! మనవాళ్ళు చర్చి మెట్ల మీద నిలబడి "చర్చి ఎటండీ?" అని అడిగే రకం. దారి తెలిసినా అడుగుతారు, నలుగురితో మాట్లాడినట్టుంటుందని. అది మీకు తెలిసే పెట్టారు ఈ పందెం. అయినా ఒప్పుకుంటున్నాను. గేటు దగ్గర వచ్చినవాళ్ళందరినీ "దారి ఎవర్నైనా అడిగారాండీ?" అని అడగమని డాక్టరు గారికి చెప్పాను. ఆవిడ అబద్ధం ఆడే మనిషి కాదు, నేనూ కాదు.

కుక్క బాగా కుదిరింది. మన వీధిలో తిరిగే గోధుమరంగు దాన్ని చూసి గీశాను. చెవులు వెనక్కి పడి, ముందుకాళ్ళు గాల్లో ఉండి, నిజంగానే ఎక్కడికో పోతున్నట్టుంది. కుడివైపు పోయేవి కొన్ని, ఎడమవైపు పోయేవి కొన్ని. తెల్ల రేకు మీద నల్ల కుక్క, మెళ్ళో ఎర్ర పట్టీ. మీరు గీసే కుక్కలు దూడల్లా ఉంటాయి కదా, అలా కాదు. నిజం చెబుతున్నానని కోపం తెచ్చుకోకండి.

ఒక బోర్డు కొట్టు ముందు పాతి చూశాను. గంట తిరక్కుండానే వీధిలో కుక్కలన్నీ వరసగా వచ్చి దాని దగ్గర కాలెత్తాయి. సరిగ్గా కింద కుడి మూలలో, నా పేరు రావలసిన చోట! అమ్మ చూసి, "మీ మావయ్యే పంపించి ఉంటాడు" అంది.

మూల ఖాళీగా ఉంటే వచ్చినవాళ్ళందరూ అదే అడుగుతున్నారు, ఏదో మర్చిపోయారండీ అని. మర్చిపోలేదు, ఒకరి మాట కోసం ఆగింది అంటున్నాను.

పద్నాలుగున మీరు రావాలి. నా కుక్కలు ఎలా నిలబడ్డాయో మీ కళ్ళతో చూడాలి. వదినకి సెలవే కదా, తీసుకొస్తుంది.

మీ రాక కోసం,
శారోన్


కపిలేశ్వరపురం,
5 డిసెంబరు 2024.

చి. శారోన్‌కి,

కాలెత్తిన సంగతి చదివి నేను నవ్విన నవ్వుకి రేచల్ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది, ఏదో అయిందనుకుని. కర్ర పొడుగు పెంచు. పేరు వేసుకునే రోజంటూ వస్తే పై మూలలో వేసుకో. చర్చీకి రాసేవాడికి కింది మూల చాలు. కుక్కలకి రాసేవాడు పైనే ఉండాలి.

నా కుక్కలు దూడల్లా ఉంటాయన్న మాట గుర్తుపెట్టుకుంటాను.

నేను రాను. కుక్కలన్నీ ఒకచోట చేరే రోజున నేను రాజోలు గడ్డ మీద అడుగు పెట్టను. నన్ను మళ్ళీ పిలవకు. పని నీది, నువ్వే చూసుకోవాలి. పక్కన నేనుంటే వచ్చినవాళ్ళు నన్నే పెయింటరు గారంటారు.

కొబ్బరిచెట్లకి మేకులు కొట్టకు, కరెంటు స్తంభాలకి కట్టకు. పంచాయతీలో అడిగి మరీ పాతు. అయిపోయాక ఒక్క కర్ర కూడా రోడ్డు మీద వదలకు. ఉత్తరాలు చిన్నవవుతున్నాయని అనుకోకు, చలికి వేళ్ళు కొంకర్లు పోతున్నాయి.

మత్తయి


రాజోలు,
10 డిసెంబరు 2024.

మావయ్య గారికి వందనాలు.

రానన్నారు. సరే. పిలవద్దన్నారు, పిలవను. ఓడిపోతే నా మొహం చూడాల్సి వస్తుందని రావడం లేదని అమ్మతో అన్నాను. అమ్మ నన్ను తిట్టింది. మీ మనసులో ఏముందో నాకు తెలియడం లేదు. కుక్కలంటే భయమో, నా చేతి మీద నమ్మకం లేకో.

కానీ పని మాత్రం అదరగొట్టాను. మీరు చెప్పినట్టే మలుపు ముందొకటి, తిరిగాక ధైర్యానికొకటి. అమలాపురం నుంచి వచ్చేవాళ్ళకి తాటిపాక సెంటరు దాటితే చాలు, కుక్క వెంట కుక్క కనపడుతుంది. తోట దగ్గర కాలవ మీద వంతెన ఇరుకు. అక్కడ వచ్చే కుక్క, పోయే కుక్క ఎదురుపడితే కరుచుకుంటాయని, రావడానికి ఒక వంతెన, పోవడానికి దిగువనున్న ఇంకో వంతెన చూపిస్తూ పెట్టాను. డాక్టరు గారు చూసి, "ఇది నాకు తట్టలేదమ్మా" అన్నారు.

అన్నిటికంటే గొప్ప ఆలోచన చివరికి చెబుతాను. నర్సాపురం, భీమవరం వాళ్ళు పంటు మీద గోదావరి దాటి సఖినేటిపల్లి రేవులో దిగాలి కదా. కార్లూ బళ్ళూ అన్నీ ఎక్కేది దాని మీదే. ఏటి మీద కర్ర పాతలేం. మరి పంటుకే బోర్డు కడితే? పంటు నడిపే సరంగు గారిని అడిగితే సంతోషంగా ఒప్పుకున్నారు. పక్కనున్న ఇనప కమ్మీకి కొక్కేలతో తగిలించే బోర్డు చేశాను. పంటు ఎటు పోతుంటే కుక్క మొహం అటే ఉండేలా శుక్రవారం సాయంత్రం తగిలిస్తాను. ఇప్పటిదాకా గోదావరి మీద దారి బోర్డు పెట్టినవాళ్ళు ఎవరైనా ఉన్నారా? మీరు కూడా పెట్టలేదు.

మెచ్చుకుంటూ రెండు ముక్కలు రాయండి. శనివారం లోపు అందితే జేబులో పెట్టుకుంటాను.

శారోన్


రాజోలు,
16 డిసెంబరు 2024.

మావయ్య గారికి శారోన్ వందనాలు.

శనివారం లోపు మీ జవాబు రాలేదు. ఈ రోజుకీ రాలేదు. అయినా జరిగింది చెప్పడం నా ధర్మం కాబట్టి చెబుతున్నాను.

మేళా బ్రహ్మాండంగా జరిగింది. మెరకంతా కుక్కలు, మనుషులు. పొద్దున్న మంచు కమ్మేసి పది అడుగుల్లో మనిషి కనపడలేదు. అయినా తెల్ల రేకు మీద నల్ల కుక్క కనపడిందటండి. కొత్తపేట నుంచి, అమలాపురం నుంచి, అంబాజీపేట నుంచి వచ్చినవాళ్ళందరినీ డాక్టరు గారు గేటు దగ్గర అడిగేరు. "అడగలేదండి, కుక్కలే తీసుకొచ్చేయి" అన్నారు అందరూ. ఒకాయన నా చెయ్యి పట్టుకుని, "ఈ కుక్కని గీసిందెవరండీ?" అన్నాడు. "నేనేనండి" అన్నాను. మావయ్యా, ఆయన కాదమ్మా అనలేదు.

వచ్చే ఏడు కూడా మేళా ఇక్కడేనని డాక్టరు గారు మైకులో చెప్పేశారు. రాజమండ్రి మాట ఎత్తలేదు.

ఇక నేను చేసిన తెలివితక్కువ పని. నర్సాపురం నుంచి మొదటి కారు వచ్చాక, దిగినాయన ఒక మాట చెప్పాడు. "పంటు మీద ఒక పెద్దాయన బోర్డు అటూ ఇటూ మారుస్తున్నారండి, పాపం ఓపికగా" అన్నాడు. అప్పుడు వెలిగింది. పంటు నర్సాపురం రేవుకి వచ్చేటప్పుడు దాని ముందువైపు నర్సాపురం మీదికి ఉంటుంది. నా కుక్క మొహం కూడా అటే! రేవులో నిలబడ్డవాళ్ళకి 'మేళా మీ వెనకాలే ఉంది, పొండి' అని నేనే చెప్పినట్టు. మొదటి ట్రిప్పులో అలా చూసి ఇద్దరు బళ్ళు వెనక్కి తిప్పబోయారట కూడా. అప్పుడే ఆ పెద్దాయన బోర్డుని ఈ పక్క కమ్మీ నుంచి తీసి ఆ పక్క కమ్మీకి తగిలించేడట. అలా మారిస్తే కుక్క మొహం మారిపోతుంది. పంటు ఎటు తిరిగినా కుక్క మాత్రం సఖినేటిపల్లి వైపే చూసేలా సాయంత్రం దాకా మారుస్తూనే ఉన్నాడట. టికెట్లు కొట్టే ఆయన అయి ఉంటారు. ఎవరైనా సరే, నా పరువు కాపాడారు. వెళ్ళి దణ్ణం పెట్టి, ఆయనకి ఏ బోర్డు కావాలన్నా ఉచితంగా రాసిస్తాను. పంటు బోర్డు ఒక్కటే ఇంకా తెచ్చుకోలేదు, మిగతావన్నీ పీకించేశాను.

ఇప్పుడు పందెం సంగతి. భీమవరం నుంచి పద్మావతి గారని ఒకావిడ తెల్లటి బొచ్చుకుక్కతో వచ్చారు. డాక్టరు గారు అడిగితే, "పంటు మీద ఆ పెద్దాయన్ని అడిగేనండి, మేళాకి ఇటేనా అని. ఆయన నోరు విప్పలేదు, కుక్క మొహం వైపు చెయ్యి చూపించేరు" అన్నారు. అడిగారు. ఒక్కరే, కానీ అడిగారు. చెప్పకుండా దాచవచ్చు. దాచి వేసుకున్న పేరు నాకెందుకు?

నేను ఓడిపోయాను మావయ్యా. ఏడుపొచ్చింది, ఏడ్చాను, అయిపోయింది. మూలలన్నీ ఖాళీగానే ఉన్నాయి. క్రిస్మస్ రంగులు అవగానే అన్నిటి మీదా 'మత్తయి ఆర్ట్స్' అని రాస్తాను. వచ్చే ఏడు ఆ ఒక్కరు కూడా అడగకుండా చేస్తాను.

మీరు ఎందుకు రాయలేదో మాత్రం చెప్పండి.

శారోన్


కపిలేశ్వరపురం,
20 డిసెంబరు 2024.

చిరంజీవి శారోన్‌కి మావయ్య అనేక దీవెనలు.

నీ పదో తారీకు ఉత్తరం గురువారం మధ్యాహ్నం అందింది. చదువుతూ చదువుతూ పంటు దగ్గరికి వచ్చేసరికి కుర్చీలోంచి లేచిపోయాను. పంటు వెళ్ళడమే కాదే పిచ్చిదానా, తిరిగి కూడా వస్తుంది! రేచల్ చేత ఫోను చేయిద్దామనుకున్నాను. చేస్తే నువ్వు పరిగెత్తుకెళ్ళి రోజంతా పంటు మీదే కూర్చుంటావు. నువ్వు తోట దగ్గర లేకపోతే ఆ రెండు వంతెనల సంగతి ఎవరు చూస్తారు? ఉత్తరం రాస్తే శనివారానికి అందదు. అందుకని పాలకొల్లులో తోడల్లుణ్ణి చూడాలని ఉందని రేచల్‌తో చెప్పి, శుక్రవారం పొద్దున్నే రావులపాలెం మీదుగా బస్సెక్కాను. శనివారం తెల్లారేసరికి నర్సాపురం రేవులో ఉన్నాను.

కాబట్టి నువ్వు దణ్ణం పెట్టాల్సింది టికెట్లు కొట్టే ఆయనకి కాదు. ఉచితంగా బోర్డు రాసిస్తానన్న మాట మాత్రం మర్చిపోకు.

రాజోలు గడ్డ మీద అడుగు పెట్టనన్నాను, పెట్టలేదు. సఖినేటిపల్లి రేవులో కూడా దిగలేదు. రోజంతా ఏటి మీదే ఉన్నాను, మాట తప్పలేదు.

ఇక కుక్కల సంగతి. బోర్డు ఈ కమ్మీ నుంచి ఆ కమ్మీకి మార్చాలంటే ప్రతిసారీ వాటి మధ్యలోంచే నడవాలి. దూడంత కుక్కలు కూడా ఉన్నాయి. నేను గీసేవి తప్పు కాదని అప్పుడు తెలిసింది. వాటి వాళ్ళు నన్ను చూసి ఏదో అంటున్నారు. నాకు వినపడదు గానీ ఏమంటారో తెలుసు, కరవదండీ అని. మలికిపురం డాబావాడు కూడా అదే అన్నాడు. బోర్డుని గుండెకి అడ్డం పెట్టుకుని, కీర్తన పాడుకుంటూ దాటాను. మధ్యాహ్నానికి ఒక నల్లది వచ్చి నా మోకాలి మీద తల పెట్టింది. కదిలితే ఏం చేస్తుందోనని కదల్లేదు. సఖినేటిపల్లి దాకా అలాగే ఉన్నాం, అదీ నేనూ. కాస్త వెచ్చగానే ఉంది.

నీ చేతి మీద నమ్మకం లేదా అని అడిగావు. నమ్మకం లేనివాడు నాలా ఒక రోజంతా కుక్కల మధ్య నిలబడతాడా?

పద్మావతి గారి విషయం. బొచ్చుకుక్క, ఎర్రచీర, నాకు గుర్తుంది. ఆవిడ పెదవులు కదిలాయి. నాకేమీ వినపడలేదు. దగ్గరికొస్తున్న ఆ కుక్కని అటు పట్టుకోమని చెయ్యి చూపించాను. చెవిటివాణ్ణి అడిగితే దారి అడిగినట్టు ఎలా అవుతుంది? పందెం పెట్టినవాణ్ణి నేను. తీర్పు కూడా నాదే. నేను వినలేదు కాబట్టి ఆవిడ అడగలేదు.

తీర్పు ఇప్పుడు చెబుతున్నానని కూడా అనుకోకు. సాయంత్రం తిరుగు ట్రిప్పులో కుక్కలవాళ్ళ మొహాలు చూశాను. పిల్లలు రిబ్బన్లు పట్టుకుని ఎగురుతున్నారు. దారి తప్పి వచ్చినవాళ్ళ మొహాలు అలా ఉండవు. అందరూ దిగిపోయాక బోర్డు ఒళ్ళో పెట్టుకున్నాను. ఇన్నేళ్ళలో నా పేరు లేని మన బోర్డు చూడడం అదే మొదలు. నువ్వు గీసిన కుక్క నిజంగానే ఎక్కడికో పోతోంది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గాలి అనుకుందాం.

జేబులో చిన్న బ్రష్షూ, సీసాలో నల్లరంగూ ఇంటి దగ్గర్నుంచే తీసుకెళ్ళాను. ఇంటి దగ్గర బయల్దేరేటప్పుడే తీర్పు అయిపోయిందని దాన్నిబట్టి తెలుసుకో.

వెళ్ళి ఆ బోర్డు తెచ్చుకో. పేరు కోసం కింది మూలలో వెతక్కు. 'శారోన్ ఆర్ట్స్, రాజోలు' అని పై మూలలో రాశాను, ఏ కుక్కా అందుకోలేనంత ఎత్తులో.

మావయ్య